జంపఖానా మీద యుద్ధనౌక

"పొయ్యిల పెట్టు దాన్ని" అంది అవ్వ. పొద్దున లేచినప్పటి నుంచి మా అమ్మ ఆ మాట అనడం అది నాలుగోసారి.

ఢిల్లీ నుంచి గోనెపట్టాలో చుట్టుకొని తిరిగొచ్చిన జంపఖానాను బాపు మగ్గం అర్రలో నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చొని అంచులు సవరిస్తున్నాడు. నేవీ ఆఫీసరు పదిగంటలకు వస్తాడని చేనేత సొసైటీ ప్రెసిడెంటు వెంకటరాజం నిన్ననే చెప్పి పోయాడు. గడియారంలో తొమ్మిది దాటింది.

"నిన్నే అంటాన. వాళ్లచ్చే వరకు అది ఇంట్ల లేకపోతె ఏం జేస్తరు? బూడిదను పట్కపోయి కోర్టుల పెడ్తరా?"

"ఢిల్లీల వెయ్యిమంది సూసిండ్లు. పేపర్ల ఫొటో వడ్డది. ఇప్పుడు కాలవెడ్తె నిజంగనే దొంగపని చేసినట్టయితది."

"కొడుకు కొలువు కన్న నీ జంపఖాన ఎక్కువైందా నీకు?"

బాపు అంచు సవరించడం ఆపాడు. మా ఇంట్లో గొడవలన్నీ ఇంతే. అవ్వ మాట్లాడుతూనే ఉంటుంది, బాపు వింటూనే ఉంటాడు, చివరికి ఎవరు గెలిచారో మాకెవరికీ తెలియదు.

ఆ రోజు మాత్రం సంగతి వేరు. రాంచందర్ అన్న కొలువు నిజంగానే ఆ తొమ్మిదడుగుల నూలు మీద ఆధారపడి ఉంది. రష్యా నుంచి తెచ్చిన కొత్త యుద్ధనౌక మీద, విమానాలను కూల్చే మిసైళ్ల దగ్గర అన్న పని. పదిరోజుల కింద రాసిన ఉత్తరంలో మూడే ముక్కలు. వచ్చే నెల ఓడ విదేశాలకు పోతోంది, నన్ను పక్కన పెట్టారు, జంపఖానా సంగతి తేలాకే ఏదైనా అన్నారు.

జంపఖానా సంగతి ఏమిటంటే, దాని మీద బాపు నేసింది అన్న ఓడనే. ఢిల్లీ చేనేత ఎగ్జిబిషన్లో దాన్ని చూసిన రిటైరైన నేవీ పెద్దమనిషి ఒకాయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడట. ఇది ఊహించి వేసిన బొమ్మ కాదు, ఎవరో కొలతలు చెప్పి నేయించారు అన్నాడట. ఆయన కళ్లకు దండం పెట్టాలి. ఎందుకంటే అది అక్షరాలా నిజం.

"అడిగితె ఏం జెప్తవ్ భాయ్?" గడప దగ్గర నుంచి ఇమాం పాషా చాచా అడిగాడు. మా నూలుకు రంగులు వేసేది ఆయనే. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన చేతులు మోచేతుల దాకా ఏదో ఒక రంగులో ఉండేవి. ఆ వారం నీలం.

"ఉన్నది చెప్త" అన్నాడు బాపు.

"జర సోంచాయించు. కేలండర్ల సూసి నేసిన అను. మంది నేస్తలేరా నెమళ్లు, తాజ్‌మహళ్లు? నెమలి కొలతలు ఎవడన్న ఇచ్చిండా?"

"కొలవకుంట నేను నెమలిని గూడ నేయలే పాషా."

అది కూడా నిజమే. ఎప్పుడో పాలకుర్తి గుట్ట దగ్గర చచ్చిపడిన నెమలిని బాపు జానలు పెట్టి ముక్కు నుంచి తోక దాకా కొలిచి వచ్చాడు. దారిన పోయేవాళ్లు పిచ్చివాడనుకున్నారని చాచానే ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పేవాడు. కొత్తవాడలో మా బాపు కైలాసం అంటే కొలత తప్పని చేయి. నలభై ఏళ్లలో ఒక్క జంపఖానా కూడా తప్పుందని వాపసు రాలేదు. ఇది మొదటిసారి, అదీ తప్పు లేదన్న నేరానికి.

ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆ పొద్దుటి భయం కంటే అంతకు ముందటి ఎండాకాలమే ఎక్కువ గుర్తొస్తుంది. ఎనభై మూడు మే నెల. అన్న నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. తెల్ల యూనిఫాంలో వాడు రిక్షా దిగితే మా గల్లీ అంతా మగ్గాలు ఆపి బయటికి వచ్చింది. వాడు పంపే ఫొటో కార్డులన్నిటినీ అవ్వ అప్పటికే గోడకు వరసగా అంటించింది. మోంబాసా, ఏడెన్, మారిషస్ అనే మాటలు మా ఇంట్లో పరకాల, నెక్కొండ అన్నంత మామూలుగా దొర్లేవి. చిన్న చెరువు దాటాలన్నా భయపడే మా అవ్వ, "మొన్న మావోడు ఏడెన్ల ఉండె, గిప్పుడు మారిషస్ పోతాండు" అని నల్లా దగ్గర ఆడవాళ్లకు చెప్పేది. వాళ్లు తలలూపేవాళ్లు. ఎంత మంచి రోజులు అవి!

మధ్యాహ్నాలు అన్న మగ్గం పక్కన గంప బోర్లించుకొని కూర్చునేవాడు. ట్రైనింగుకు రష్యాలో ఉన్నప్పటి సంగతులు చెప్పేవాడు. ముక్కు మీద మంచు గడ్డకట్టడం, నల్ల రొట్టె, తెలుగు మాట వినక ఏడాదిన్నర గడపడం.

"మనోళ్లు కరాచీల ఓడలను కాల్చిండ్లని అప్పుడు రేడియోల విన్నం సూడు. గా మిసైలేనారా ఇది?" అని బాపు అడిగాడు ఒకరోజు. డెబ్బై ఒకటి యుద్ధం నాటి వార్త అది. పదమూడేళ్ల అన్నకు నేవీ పిచ్చి పట్టింది ఆ రేడియో ముందే.

"అది ఓడను కొట్టేది బాపూ. ఇది విమానాన్ని కొట్టేది. ఇగ మన ఓడలు మన ఒడ్డు కాడనే తిరుగుడు కాదు. మూడు సముద్రాల అవుతల గూడ మన జెండ కనవడాలె. గంత దూరం పోతె మన విమానాలు మనెంట రావు గదా. మీదికెవడన్న వస్తె మనకు మనమే."

"అంటె దూరం పోయెటోనికి గొడుగసొంటిది."

"గొడుగే" అని అన్న నవ్వాడు.

"మరి నీ మిసైలు మీదికి పొయ్యెటాల్లకు ఆ విమానం ముంగటికి పోదా?"

"అదున్న కాడికి కొట్టం బాపూ. అది యాడికొస్తదో లెక్కగట్టి ఆడికి కొడ్తం."

ఆ మాటకు బాపు మురిసిపోయాడు. అట్లాంటి లెక్క తెలిసిన కొడుకు పుట్టాడని రెండు రోజులు చాచాకు చెప్పిందే చెప్పాడు. మూడో రోజు పొద్దున నా కాలేజీ గ్రాఫు పుస్తకంలోంచి కాగితాలు చింపించాడు. "చెప్పురా, నీ ఓడ పొడుగెంత?" అని అన్నను అడిగాడు. అన్న చెప్పాడు, నేను రాసుకున్నాను. నాలుగొందల ఇరవై అడుగులు. మిసైళ్లు పెట్టే దిమ్మె ముక్కుకు ఎంత దూరం, పొగగొట్టాలు ఎక్కడ, అన్నీ చెప్పాడు. అంగుళానికి ఆరడుగుల లెక్కన బాపు నక్షా గీసుకున్నాడు. ఓడలో ఎన్ని మిసైళ్లుంటాయో అన్ని చిన్న బాణాలు అంచు మీద నేశాడు. ముప్పై ఆరు. సముద్రం ఏ రంగని అడిగితే ఒక్కో చోట ఒక్కో రంగన్నాడు అన్న. చాచా మూడు నీలాలు తీశాడు.

అంత ప్రేమతో నేసింది మరొకటి నేను చూడలేదు. అమ్ముడుపోవాలని కూడా బాపు అనుకోలేదు. ఎగ్జిబిషన్‌కు పంపాలని పట్టుబట్టి తీసుకుపోయింది వెంకటరాజమే. ఇప్పుడు ఆయన మా అరుగు మీద కూర్చొని తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు.

జీపు వచ్చింది.

దిగిన ఆఫీసరు నలభై ఏళ్ల మనిషి, మామూలు చొక్కా ప్యాంటులో ఉన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చానని చెప్పాడు. కృష్ణాజిల్లా మాట. నేను తెచ్చిన నీళ్లు తాగి, చెప్పులు విడిచి అర్రలోకి వచ్చాడు. జంపఖానాను తొక్కకుండా చుట్టూ తిరిగాడు. ఆ ఒక్క పనితో ఆయన మంచివాడని అవ్వకు నమ్మకం కుదిరిందట, తర్వాత చెప్పింది.

"మీరే నేశారా కైలాసంగారూ?"

"నేనే నేసిన సార్."

"ఫొటో ఏదైనా చూసి నేశారా?"

తప్పించుకునే దారి ఆయనే చూపిస్తున్నట్టు నాకనిపించింది. చాచా గడప దగ్గర దగ్గాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఫొటో సూసి నేస్తె కొలతలెట్ల వస్తయి సార్? నా కొడుకు చెప్పిండు."

అవ్వ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. "అయ్యో, సంపుకుంటివి గదయ్యా కొడుకును!" అని గట్టిగా ఏడ్చింది. వెంకటరాజం లేచి నిలబడ్డాడు.

ఆఫీసరు ఎవరి వైపూ చూడలేదు. "ఆ కొలతలు రాసిన కాగితం ఉందా?" అన్నాడు.

నక్షా, నేను రాసిన కాగితం రెండూ బాపు నా చేతికిచ్చాడు. నేను ఆయనకిచ్చాను. తోలు సంచిలోంచి ఆయనొక కాగితం తీసి మాకు కనపడకుండా పట్టుకున్నాడు. టేపు పెట్టి ఓడను కొలిచాడు. దిమ్మెను కొలిచాడు. వంగి అంచు మీది బాణాలను వేలితో ఒక్కొక్కటే ముట్టుకుంటూ లెక్కబెట్టాడు. పక్కిళ్లలో మగ్గాలు కూడా ఆగిపోయాయి. అరగంట పట్టిందేమో. నా జీవితంలో అంత పొడుగైన అరగంట మళ్లీ రాలేదు.

లేచి టేపు చుట్టుకున్నాడు. నవ్వుతున్నాడు.

"మీవాడు గట్టివాడండీ" అన్నాడు.

మాకెవరికీ అర్థం కాలేదు.

"పొడుగు తప్పు. దిమ్మె ఉన్న చోటు తప్పు. బాణాల లెక్క తప్పు. బయటికి ఎలా కనిపిస్తుందో అది ఫొటోల్లో ఎలాగూ వస్తుంది, దాంతో మాకు బాధ లేదు. కొలతలు చెప్పాడా లేదా అన్నదే మా సంగతి. చెప్పలేదు. అడిగిన ప్రతిదానికీ ఏదో ఒక అంకె అనుకొని చెప్పాడు."

"అన్నీ తప్పేనా సార్?" అన్నాడు బాపు.

"అన్నీనండీ."

"రంగు?" చాచా ఉండబట్టలేక అడిగాడు. "సముద్రం రంగు సాబ్?"

ఆఫీసరు మళ్లీ వంగి చూశాడు. "రంగు మాత్రం నిజం. ఇది ఏడెన్ దగ్గరి నీళ్ల రంగు."

చాచా తన నీలం చేతులు రెండూ పైకెత్తి దేవుడికి మొక్కాడు. అవ్వ ఏడుపులోంచే నవ్వింది. వెంకటరాజం ఆఫీసరు చేతులు పట్టుకొని ఊపేశాడు. నవ్వనిది బాపు ఒక్కడే. దిమ్మె నేసిన చోట చేయి పెట్టి, అక్కడ తనకు తెలియనిదేదో ఉన్నట్టు తడిమి చూసుకుంటున్నాడు.

"కన్నతండ్రికి కూడా చెప్పలేదు చూడండి. మాకు అలాంటివాళ్లే కావాలి" అన్నాడు ఆఫీసరు. ఓదార్పుగానే అన్నాడు పాపం. ఆ మాట బాపుకు ఎక్కడ తగిలిందో ఆయనకేం తెలుసు?

ఆయన కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి చదివి వినిపించాడు. ఈ బొమ్మ నేసింది నేనే, ఇందులోని కొలతలు తప్పు, ఇది ఏ ఓడకూ సరిపోదు. దాని కింద బాపు సంతకం చేస్తే ఫైలు మూసేస్తారు. అన్న పేరు మళ్లీ ఓడ జాబితాలో చేరుతుంది.

బాపు పెన్ను పట్టుకున్నాడు. రాయలేదు.

"కొలతలు తప్పని నేను రాసియ్యాల్నా సార్?"

"అవునండీ. తప్పే కదా."

"నేను తప్పు నేయలే. నాకు చెప్పిన కొలతకు ఒక్క పోగు అటిటు కాలే. మీరే టేపు పెట్టి సూసిండ్లు."

"నిజమేనండీ. మీ నేతలో తప్పు లేదు. కానీ ఆ మాట రాయడానికి ఇందులో చోటు లేదు."

"సంతకం పెట్టయ్యా" అంది అవ్వ. ఈసారి అరవలేదు. బతిమాలింది.

గోడ మీది ఫొటో కార్డుల వైపు ఒకసారి చూశాడు బాపు. నిజాం కాలంలో నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి, సంతకం ఉర్దూలోనే చేసేవాడు. కుడి నుంచి ఎడమకు మెల్లగా రాసి, పెన్నుకు మూత పెట్టి ఇచ్చేశాడు.

జీపు పోయాక మా ఇల్లు పెండ్లిల్లయింది. చాచా జిలేబీ పొట్లంతో పరుగెత్తుకొచ్చాడు. వెంకటరాజం ఈ జంపఖానాను బొంబాయి ఎగ్జిబిషన్‌కు పంపుదామని అప్పుడే మొదలుపెట్టాడు. గంట కింద అదే మనిషి దీని ముఖం చూడనన్నాడు. చాచానే ఆయన్ను మెల్లగా గల్లీ చివరి దాకా తోలుకుపోయాడు.

అవ్వ పళ్లెంలో జిలేబీ పెట్టి బాపు ముందుంచింది.

"తిను. కొడుకు నౌకరి నిలవడ్డది."

"తింట తియ్యి."

"మరి మొఖం గట్ల పెట్టినవేంది?"

జిలేబీ మీద ఈగ వాలింది. అవ్వ విసిరికొట్టింది.

"వాడు నా మగ్గం కాడ కూసున్నడే పూలమ్మా. నా కండ్లల్లకు సూసుకుంట చెప్పిండు. నాలుగొందల ఇరవై అని."

"చెప్పద్దని వాళ్ల రూలు. సార్ అననే అన్నడు గద."

"చెప్పద్దంటె చెప్పనని అనద్దా? బాపూ, అది అడుగకు అంటె నేను అడుగుదునా? ఉత్త సముద్రం నేద్దును. పడవ నేద్దును. పదినెలలు కండ్లు పోంగ నేసిన, ఒక్క కొలత నిజం లేదు దాంట్ల."

"అడుగకు అంటె నీ మొఖం అప్పుడే గిట్లయ్యేది" అంది అవ్వ. "గది సూడలేకనే చెప్పిండు వాడు. నీ కొడుకే గద, నాకెర్కలేదా వాని సంగతి!"

బాపు పళ్లెం దగ్గరికి జరుపుకొని జిలేబీ విరిచాడు. అవ్వ కూడా పొడిగించలేదు. మా ఇంట్లో అంత తొందరగా గొడవ ఆగడం నాకు కొత్త.

అన్నలో నేను గమనించి కూడా పట్టించుకోని ఒక సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బాపు ఏది అడిగినా వాడు వెంటనే చెప్పేవాడు కాదు. కాస్త ఆగి, మగ్గం మీది దారాల వైపు చూసి, అప్పుడు చెప్పేవాడు. గుర్తు తెచ్చుకుంటున్నాడనుకొని పెన్ను పట్టుకొని కాచుకునేదాన్ని. ఒక్కో అంకె దగ్గర వాడు ఎంత బాధపడి ఉంటాడో ఇప్పుడు తెలుస్తోంది. ముప్పై ఆరు అన్నప్పుడు బాపు, "గన్నా!" అని ఎంత సంబరపడ్డాడు!

మూడు గంటలప్పుడు బాపు నన్ను పిలిచాడు.

"బిడ్డా, ఇన్‌లాండ్ లెటర్ ఉన్నదా?"

ఒకటే ఉంది. పీట మీద పెట్టుకొని కూర్చున్నాను. బాపు మగ్గానికి ఆనుకొని నిలబడి చెప్పాడు, నేను రాశాను.

"ఆఫీసర్ వచ్చిపోయిండని రాయి. నౌకరికి ఫికర్ లేదని రాయి. ఓడ ఎక్కి మంచిగ పోయి రమ్మని రాయి."

రాశాను.

"నువ్వు చెప్పిన కొలతలు తప్పని నాకు అప్పుడే ఎర్కయిందని రాయి."

తలెత్తి చూశాను. బాపు నా వైపు చూడటం లేదు.

"రాయి బిడ్డా. నలభై ఏండ్లు నేసినోనికి ఎర్కగాదా? ఎర్కయ్యే నేసిన అని రాయి. మనసుల ఏం పెట్టుకోకని రాయి."

బాపు అబద్ధం ఆడటం నేను వినడం అదే మొదలు. కొడుకు కొలువు పోతుందన్నా ఆఫీసరు ముందు ఆడని మనిషి, కొడుకు తలదించుకోకూడదని ఆడుతున్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాగితం మీద పడకుండా మోచేత్తో తుడుచుకొని, చెప్పింది చెప్పినట్టే రాశాను.

అయిపోయిందనుకొని మడవబోయాను.

"ఇంకొక్కటి" అన్నాడు బాపు.

"చెప్పు."

"అసలు పొడుగు ఎంతుంటదిరా అని అడుగు."

రాశాను. బాపు నా పక్కన వచ్చి కూర్చొని ఆ అక్షరాల వైపే చూశాడు. తెలుగు కూడబలుక్కొని చదువుతాడు, పెదవులు కదిలాయి.

"వద్దు. కొట్టెయ్."

"బాపూ..."

"కొట్టెయ్ బిడ్డా. చెప్పరాదు గద వానికి. మల్ల ఏదో ఒకటి చెప్పాల్సొస్తది."

ఆ వాక్యం మీద గీత గీశాను. ఒక్కటే గీత. బాపు లేచి వెళ్లి మగ్గంలో కూర్చున్నాడు. కాసేపటికి చప్పుడు మొదలైంది.

గీత కింద అక్షరాలన్నీ స్పష్టంగా చదవవస్తున్నాయి. అన్న విప్పగానే ముందు దాన్నే చదువుతాడు. చదివితే, బాపుకు అప్పుడే తెలుసన్నది అబద్ధమని, అయినా అడగకుండా కొట్టేయించాడని వాడికి తెలిసిపోతుంది. ఇంకో నాలుగు గీతలు గీస్తే ఏమీ కనపడకుండా పోతుంది, నాలుగు గంటలకు పోస్టు డబ్బా తెరిచే లోపల దానికి కావలసినంత టైముంది.

పెన్నుకు మూత పెట్టాను. ఉత్తరం మడిచి, అంచులు తడిచేసి అంటించి, డబ్బాలో వేసి వచ్చాను.